రెండు కొలువులు – అప్పగింత యను విద్య

పాలెగాండ్ర కాలమున రాయలసీమ గ్రామములలో కట్టుబడి బంట్రోతులని యొక వర్గమువారుండిరి. తమకిచ్చిన మాన్యపు నేలను దున్నుకొనుచు సంసారములను నడుపుకొనెడి ఆ సామాన్యులు, పిలుపు వచ్చిననాడు నాగలి విడిచి బల్లెము పట్టి, పని తీరిన పిమ్మట మరల తమ చాలులోనికే వచ్చెడివారు. కాలము మారినది, ఏలికలు మారిరి, అయినను బ్రతుకుతెరువును విడువకయే దేశరక్షణలో తన పాలు తాను మోయవలెనను సంకల్పము మన యువజనులలో మాసిపోలేదు. నేడు వారి నాగలికి బదులు బ్యాంకు కౌంటరో, కళాశాలలోని నల్లబల్లయో, మాదాపూరులోని సాఫ్ట్‌వేరు కార్యాలయమో, తండ్రి చేతికిచ్చిన ఎరువుల దుకాణమో యుండవచ్చును. పిలుపు మాత్రము టెరిటోరియల్ ఆర్మీ నుండి, అనగా ప్రాదేశిక సైన్యము నుండి వచ్చును.

ఈ మార్గమును తలపోయువారు సామాన్యముగా మొదట వేయు ప్రశ్న “నాకు తీరిక దొరకునా?” యనునది. ఆ ప్రశ్న సహజమే గాని, దానితోనే ఆగినవాడు అసలు చిక్కును చూడనట్లే. ఈ సేన క్యాంపునకై సంవత్సరమున కోరు రెండు మాసములు సంపాదించుకొనుట కష్టమైనను అసాధ్యము కాదు. ఆ రెండు మాసములలో తాను విడిచివచ్చిన బల్లయొద్ద ఏమి జరుగునో, మిగిలిన పది మాసములలో తన దళము తనను నమ్మి యుండగలదో లేదో, ఈ రెండు విషయములే అతని భవిష్యత్తును నిర్ణయించును. తాను లేనినాడు తన పని ఆగకుండునట్లు చేయగలవాడే రెండు కొలువులకు అర్హుడు; అట్లు చేయలేనివాడు ఎంత శూరుడైనను, ఎంత మేధావియైనను, రెండుచోట్లను ఋణగ్రస్తుడై మిగులును. ఈ సామర్థ్యమునే నేను అప్పగింత యను విద్యగా భావించి, ఈ అధ్యాయమంతయు దాని చుట్టును నడుపుచున్నాను.

ఈ సేన ఎట్టిది

చేరదలచినవాడు తాను చేరబోవు సంస్థ యెట్టిదో మొదట స్పష్టముగా తెలిసికొనవలెను. పౌరులతో కూడిన ఇట్టి సేన కొరకు బ్రిటిష్ పాలకులు 1920లోనే యొక చట్టము చేసియుండిరి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, మన ప్రాదేశిక సైన్య చట్టము వెలసినది. 1949 అక్టోబరు 9వ తేదీన అప్పటి గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఈ సేనను లాంఛనముగా ప్రారంభించిరి. నేటికిని ఆ తేదీనే దీని వార్షిక దినోత్సవము జరుగుచున్నది.

ఇందు రెండు విధములైన దళములు కలవు. రైల్వేలు, చమురు సంస్థలు మొదలగువాని ఉద్యోగులతోనే యేర్పడి, ఆపత్కాలమున ఆ వ్యవస్థలు స్తంభించిపోకుండ నడిపించునవి శాఖాసంబంధమైనవి. నానావృత్తులవారిని చేర్చుకొని, స్థిరసైన్యమునకు అండగా కావలి, శాంతిరక్షణ, సరిహద్దు విధులను నిర్వర్తించునవి పదాతి బెటాలియనులు. సికింద్రాబాదులో గార్డ్స్ రెజిమెంటునకు అనుబంధముగా నున్న 125వ పదాతి బెటాలియను వీనిలో తెలుగువారికి చేరువైనది. తుపాకితో మాత్రమే ఈ సేవ ముడివడి లేదనుటకు గఢ్వాల్ రైఫిల్స్ వారి 127వ పర్యావరణ దళము నిదర్శనము: సున్నపురాతి గనుల వలన బోడియైన ముస్సోరీ కొండల వాలులపై మరల చెట్లను మొలిపించుటకై 1982లో దానిని నెలకొల్పిరి.

అధికారిగా చేరగోరువారు 18 మొదలు 42 సంవత్సరముల లోపు వయస్సు గల భారత పౌరులై, పట్టభద్రులై, అన్నిటికి మించి, స్వంత జీవనోపాధి గలవారై యుండవలెను. వ్రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ యను సైనికాధికారుల ఎంపిక మండలి పరీక్ష, వైద్యపరీక్ష అను మెట్లన్నియు దాటినవారికి లెఫ్టినెంటు హోదా లభించును. స్త్రీలకు సైతము ఈ సేనలో ప్రవేశార్హత కలదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చినది. మొదటి యేట ఒక మాసము ప్రాథమిక శిక్షణ, ప్రతి యేట రెండు మాసముల క్యాంపు, మొదటి రెండేండ్లలోపల చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో మూడు మాసముల శిక్షణ — ఇవి అధికారి తన కాలమునుండి విధిగా తీసియుంచవలసిన పాళ్ళు. శిక్షణలోను, విధిలోను ఉన్న కాలమునకు స్థిరసైన్యపు అధికారులతో సమానమైన జీతభత్యములు వచ్చును. తక్కిన కాలమునకు రావు.

2011లో మహేంద్రసింగ్ ధోనీకి గౌరవ లెఫ్టినెంటు కర్నలు హోదా లభించుట, 2019లో ఆయన కాశ్మీరమున 106వ పారాచూట్ బెటాలియనుతో రెండు వారములు గడపుట వలన ఈ సేన పేరు మన యిండ్లలో బహుళముగా వినవచ్చినది. ప్రసిద్ధులకు గౌరవార్థమిచ్చు హోదా వేరు. పరీక్షలు నెగ్గి, ఏటేట క్యాంపునకు పోయి సంపాదించు హోదా వేరు. కేంద్రమంత్రిగా నుండగనే 2012లో సచిన్ పైలట్, పార్లమెంటు సభ్యుడుగా నుండగనే 2016లో అనురాగ్ ఠాకూర్ ఈ రెండవ త్రోవలోనే లెఫ్టినెంట్లయిరి. మన పాఠకుడు ఎంచుకొనబోవునదియు ఈ త్రోవయే.

చేరకముందే వేసికొనవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న, “నేను దేనినుండి పారిపోవుచున్నాను?” అని. ఉన్న ఉద్యోగము విసుగెత్తి, పై అధికారితో పొసగక, ఇంటిపోరు భరింపలేక, యూనిఫారమును ఒక ఆశ్రయముగా తలచువారు కొందరుందురు. అట్టివారికి ఈ సేన ఆశ్రయము కాజాలదు. ఏలయన రెండు మాసములు గడిచిన వెంటనే అది వారిని మరల ఆ కుర్చీలోనికే పంపివేయును. స్థిరోద్యోగమును, పింఛనును ఆశించువారును ఆగి ఆలోచింపవలెను. ఇది పూర్తికాలపు కొలువు కాదు. అధికారులకు మొత్తము 20 సంవత్సరములు, తక్కినవారికి 15 సంవత్సరములు విధిలో నున్న సేవ సమకూడిననే గాని పింఛనుకు అర్హత రాదు, అట్టి సేవ అందరికి సమకూడునన్న హామీయు లేదు.

రెండవ ప్రశ్న, “నా వృత్తిలో నేను తప్పక యుండవలసిన మాసములేవి?” అని. బ్యాంకువానికి మార్చి ముగింపు, ఆడిటరుకు రిటర్నుల గడువులు, అధ్యాపకునికి పరీక్షల కాలము, ఎరువుల వర్తకునికి తొలకరి, సేద్యగానికి నాట్లును కోతలును. క్యాంపు తేదీలను నిర్ణయించునది దళమే గాని మనము కాదు; అయినను ఏ మాసములు తనకు కత్తిమీద సామో ముందే యెరిగినవాడు, ఆ మాసమున పిలుపు వచ్చినచో ఏమి చేయవలెనో ముందే నిశ్చయించుకొనగలడు.

మూడవ ప్రశ్న, “నా స్థానమున నిలువగలవాడెవడు?” అని. ఈ ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పలేనివాడు దరఖాస్తు నింపుటకు ముందు అట్టి మనిషిని తయారుచేయుట మేలు. ఒంటరిగా ఆసుపత్రి నడుపు వైద్యునికి, స్వంతముగా ప్రాక్టీసు చేయు వకీలుకు ఇది మరింత కఠినమైన ప్రశ్న. వారికి సెలవు మంజూరుచేయు యజమాని లేడు గాని, వాయిదా వేయనొల్లని రోగియు కక్షిదారుడును కలరు.

యజమానితో మాట

చట్టము ఈ విషయమున ఉద్యోగి పక్షమున నిలిచియున్నది. 1948 నాటి చట్టములోని 7ఏ సెక్షను ప్రకారము, సైనిక సేవకై పిలువబడిన ఉద్యోగికి కావలసిన సెలవిచ్చుట, సేవ ముగిసిన పిమ్మట మునుపటికంటె తక్కువకాని షరతులతో అతనిని మరల పనిలో చేర్చుకొనుట యజమాని విధి. 7బీ సెక్షను ప్రావిడెంటు ఫండు మొదలగు నిధులలో అతని హక్కులను కాపాడును. ఈ రక్షణ యున్నదని ప్రతి ప్రాదేశిక సైనికుడును తెలిసియుండవలెను. అయితే తెలిసియుండుట యొకటి, దానిని మొదటి మాటగా వాడుట మరియొకటి. చట్టము కుర్చీని తిరిగి యిప్పించగలదు. ఆ కుర్చీ చుట్టునున్నవారి మనస్సును ఇప్పించలేదు.

ఒక జూనియరు కళాశాలలో ఇద్దరధ్యాపకులు ఈ సేనలో నున్నారనుకొందము. మొదటివాడు బయలుదేరుటకు పది దినములు ముందు ప్రిన్సిపాలు గదిలోనికి పోయి, “సార్, వచ్చే వారం నుంచి క్యాంపు. చట్టం ప్రకారం మీరు సెలవివ్వాలి” అనును. రెండవవాడు ఆగస్టు మాసముననే పోయి, “సార్, ఈసారి క్యాంపు నవంబరు, డిసెంబరుల్లో పడొచ్చని యూనిట్ నుంచి కబురొచ్చింది. ఆర్డరు రాగానే కాపీ తెచ్చిస్తాను. సెకండియర్ సిలబస్ అక్టోబరు కల్లా చాలావరకు లాగేస్తాను. ల్యాబ్ క్లాసులు మేడమ్ గారు చూసుకుంటానన్నారు. జనవరిలో వారి క్లాసులు నేను తీసుకుంటాను. మీకు ఇందులో ఇబ్బంది ఏదైనా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి సార్” అనును. ఇరువురికిని దొరకునది ఒకే సెలవు. కాని మొదటివాడు ప్రిన్సిపాలు మీద ఒక సమస్యను మోపి వెడలినాడు. రెండవవాడు సమస్యను పరిష్కారముతో గూడ తెచ్చి, అది నచ్చనిచో మార్చుటకు వ్యవధి కూడ ఇచ్చినాడు. మరుసటి యేడు ఎవని మాటకు విలువ యుండునో చెప్పనక్కరలేదు.

ఆచరణలో నాలుగు సూత్రములు గుర్తుంచుకొనవలెను. దరఖాస్తు పంపుటకు ముందే యజమానికి తెలియజేసి, నిరాక్షేపణ పత్రమును, అందరు ఎన్‌ఓసీ అనుదానిని, కోరవలెను. రహస్యముగా ఎంపికయై పిదప చెప్పినవాడు మొదటి దినముననే నమ్మకమును పోగొట్టుకొనును. క్యాంపు కాలము జీతముతో కూడిన సెలవా, జీతము లేని సెలవా, ప్రావిడెంటు ఫండు చందా ఎట్లు సాగునో వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ఇందుకై ప్రభుత్వోద్యోగులు తమ శాఖ ఉత్తర్వులను స్వయముగా చదువుకొనవలెను. దళమునుండి వచ్చిన ప్రతి ఉత్తర్వు నకలును కార్యాలయపు ఫైలులో చేర్పింపవలెను. యజమాని మారినచో, కొత్త యజమానికి ఇంటర్వ్యూలోనే ఈ బాధ్యతను చెప్పవలెను. దీని వలన ఒక ఉద్యోగము తప్పిపోవచ్చును గాని, చెప్పక దొరకిన ఉద్యోగము మొదటి క్యాంపునాడే చేదగును.

అప్పగింత

ఇప్పుడు ఈ అధ్యాయమునకు ప్రాణమైన విషయమునకు వత్తము. ఒక పల్లె బ్యాంకు శాఖలో వ్యవసాయ ఋణములు చూచు అధికారి, తొలకరికి ముందు క్యాంపునకు పోవలసియున్నాడు. అతని బల్లపై పంటఋణముల రెన్యువలు కాగితములు కట్టలుగా నున్నవి. కొందరు రైతుల పాసుపుస్తకములలోని విస్తీర్ణమునకును 1బీ, అడంగలు అను రెవెన్యూ రికార్డులలోని విస్తీర్ణమునకును పొత్తు కుదరక ఆగినవి కొన్ని. భర్త మరణించి వారసత్వము మారవలసినవి కొన్ని. సంతకము మాత్రమే మిగిలినవి కొన్ని. ఇవన్నియు అతని తలలోనే యున్నచో, అతడు రైలెక్కిన మరునాడు ఆ శాఖకు వచ్చు రైతు, “ఆ సార్ వచ్చాక రా” అను మాట విని, రెండు మాసములు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసివచ్చును. దేశసేవకై పోయినవాని వెనుక ఒక రైతు అప్పులపాలైనచో, ఆ సేవలో ఒక వంతు తరుగు వచ్చినదనియే నేను చెప్పుదును.

అదే అధికారి అప్పగింత నేర్చినవాడైనచో పని వేరుగా నుండును. మూడు వారములు ముందే ఒక నోటు పుస్తకము తెరచి, ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క పంక్తి వ్రాయును: రైతు పేరు, ఏ కాగితము లేదు, ఎవరి వలన రావలెను, ఏ తేదీలోపల కావలెను, మాట యిచ్చినదేమి. ఈ కడపటి గడి మిక్కిలి ముఖ్యము. కాగితములు ఫైలులో దొరకును గాని, నోటిమాటగా ఇచ్చిన హామీలు ఎచ్చటను దొరకవు. రెండవ వారమున ఆ పుస్తకమును ప్రక్క బల్ల అధికారి చేతికిచ్చి, తాను ప్రక్కన కూర్చుండి, పని అతనిచేతనే చేయించును. అతడెచ్చట తడబడునో అచ్చట తన వ్రాత అసంపూర్ణమని గ్రహించి దిద్దుకొనును. మూడవ వారమున వచ్చు రైతులతో, “నేనుండను, ఈ సారు చూస్తారు, వివరాలన్నీ వారికి తెలుసు” అని ముఖాముఖిగా పరిచయము చేయును. తాళపు చెవులు ఎవరిచేతికి, ఏ గడియలో పోయినవో కీ రిజిస్టరులో సంతకములతో వ్రాయించును. తన పాసువర్డును మాత్రము ఎంత ఆప్తునికైనను చెప్పడు. అధికారమును పై అధికారి ఉత్తర్వు ద్వారా బదలాయింపజేయును. ఇట్లు వెడలినవానికి క్యాంపులో నిద్ర పట్టును.

క్యాంపులో అతడు కనుగొను విశేషమేమనగా, సైన్యము నేర్పునదియు ఈ విద్యనే. ఆయుధాగారమును సైనికులు కోత్ అందురు. అచ్చట తుపాకి నంబరు చూచి, లెక్క సరిచూచి, సంతకము చేయనిదే ఇచ్చుట గాని పుచ్చుకొనుట గాని లేదు. కావలిపై నున్న సిపాయి, బదులువాడు వచ్చి నిలిచి, విధులను విని అంగీకరించినంతవరకు స్థానము విడువడు. ఒక గంట ఆలస్యమైనను, వాన కురియుచున్నను విడువడు. ఈ నియమమును ఒంట బట్టించుకొని ఆఫీసుకు తిరిగివచ్చినవానికి సెలవు పత్రమునకును, కావలి మార్పునకును భేదము కనిపింపదు. అట్లే ఆఫీసులో దస్తావేజులను ఓపికతో నడిపిన అలవాటు గలవాడు దళములో సరకుల లెక్కలు, జాబితాలు చూచునప్పుడు తోటివారికి పెద్ద ఆసరా యగును.

తిరిగివచ్చినప్పటి మర్యాద కూడ అప్పగింతలో భాగమే. వచ్చిన మొదటి దినము వినుటకు. రెండవ దినము చదువుటకు. తప్పులు దొరకినచో, “నేనుంటే ఇట్లయ్యేది కాదు” అను మాట నాలుకపైకి రానీయరాదు. తనకు బదులుగా పని మోసినవానికి నలుగురిలో కృతజ్ఞత చెప్పి, అతడు సెలవుపై పోవునప్పుడు అతని భారమును తానెత్తుకొనవలెను.

దేహము

పది మాసములు కుర్చీలో కూర్చుండి, పదకొండవ మాసమున పరుగెత్తబోవు దేహము మొదటి వారముననే మోకాలు పట్టుకొని కూలబడును. సైన్యపు శారీరక పరీక్షలో అయిదు కిలోమీటర్ల పరుగు, తాడెక్కుట, తొమ్మిదడుగుల కందకము దూకుట మొదలగునవి యున్నవి. వీనికి క్యాంపునందు సిద్ధపడుటకు వీలులేదు, సిద్ధపడియే పోవలెను. కనుక సంవత్సరము పొడవునను వారమునకు నాలుగు దినములైనను వేకువను పరుగునకు కేటాయించి, క్యాంపునకు మూడు మాసములు ముందుగా దూరమును, బరువును క్రమముగా పెంచుకొనవలెను. మన వేసవి యెండలలో సూర్యోదయమునకు ముందే ముగించుట క్షేమము. కొత్త బూట్లను ఇంటియొద్దనే తొడిగి నడచి, కాలికి అలవాటు చేసికొనవలెను. బొబ్బలెక్కిన పాదములతో మొదటి దినమే వెనుకబడినవాడు తన వంతు బరువును తోటివాని భుజముపై మోపిన వాడగును.

గృహము

ఇంట చెప్పవలసిన మాట ఎంపిక పత్రము వచ్చిన పిదప గాక, దరఖాస్తు పత్రము తెరచుటకు ముందే చెప్పవలెను. రెండు మాసములు పిల్లల బడి, వృద్ధుల మందులు, ఇంటి మరమ్మతులు, పండుగల మర్యాదలు అన్నియు భార్యపై గాని భర్తపై గాని పడును. ఆ భారమును ఎత్తుకొనువారి సమ్మతి లేక చేసిన త్యాగము తన త్యాగము కాదు, వారిది. సమ్మతి దొరకిన పిమ్మట ఇంటికి కూడ ఒక అప్పగింత పుస్తకము కావలెను: బడి ఫీజు గడువు, ఎల్ఐసీ ప్రీమియము తేదీ, కరెంటు బిల్లు నంబరు, నాన్నగారి వైద్యుని ఫోను, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ప్రతి ఖాతాకును నామినీ పేరు. అత్తమ్మగారో, బావమరిదో, పొరుగింటి పిన్నిగారో, అవసరమునకు అర్ధరాత్రి పిలువదగిన మనిషి ఎవరో నిశ్చయించి, వారితోను ముందుగా మాటాడి యుంచవలెను.

ధనము కూడ ఇచ్చటనే చూచుకొనవలసినది. జీతము లేని సెలవుపై పోవువానికి, లేదా దుకాణము మూసి పోవువానికి, సైన్యపు జీతము చేతికి అందుటకు కొంత జాగగుటయు కలదు. కనుక మూడు మాసముల ఇంటిఖర్చును, అప్పుల కిస్తులను వేరుగా నిలువచేసియుంచుట, కొత్త అప్పు చేయునప్పుడు సైన్యపు ఆదాయమును లెక్కలోనికి తీసికొనకుండుట, ఈ రెండు నియమములు చాలు.

దీర్ఘకాలపు పిలుపు

రెండు మాసములకు మాత్రమే సిద్ధపడినవాడు ఈ సేవకు సగమే సిద్ధపడినవాడు. 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములలో ఈ సేన దళములు పాల్గొన్నవి. జమ్మూకాశ్మీరము, ఈశాన్య రాష్ట్రములలో పదాతి బెటాలియనులు దీర్ఘకాలము విధిలో నుండుట సాధారణమైనది. 2025 మే మాసమున కేంద్రప్రభుత్వము ఈ సేనలోని వారినెవరినైనను విధికి పిలుచు అధికారమును సైన్యాధిపతికి అప్పగించుచు, ఉన్న 32 పదాతి బెటాలియనులలో 14 బెటాలియనులను నియోగించుటకు అనుమతించినది. ఆ ఉత్తర్వు కాలపరిమితి 2028 ఫిబ్రవరి 9వ తేదీవరకు. సైనికులు ఎంబాడిమెంటు అను ఈ స్థితిలో మాసములు గాదు, సంవత్సరములు గడచును.

అట్టి పిలుపు వచ్చినప్పుడు సెలవు పత్రము చాలదు. యజమానితో పదవి నిలుపుదలను గూర్చి వ్రాతపూర్వకమైన ఒప్పందము, వృత్తిలోని నైపుణ్యము తుప్పుపట్టకుండ దూరమునుండి చదువదగిన చదువు, వకీలో వైద్యుడో అయినచో వృత్తిభాగస్వామి, ఇంటియొద్ద అప్పులు తగ్గియుండుట — ఇవి శాంతికాలముననే కూర్చుకొనవలసినవి. తన వృత్తిలో పదోన్నతి ఒకటి రెండేండ్లు వెనుకబడవచ్చునన్న సంగతిని ముందే కన్నులార చూచి అంగీకరించినవాడు తరువాత ఎవరిని నిందింపడు.

విదేశములలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికా నేషనల్ గార్డులో నెలకొక వారాంతము, ఏటికి రెండు వారములు అను శిక్షణ పద్ధతి ప్రసిద్ధము; అచ్చట 1994 నాటి చట్టము ఉద్యోగమునకు రక్షణ నిచ్చుచున్నది. అచ్చటి వారాంతమును ఇచ్చటి రెండు మాసములను ఒకే తీరున కాపాడునది, వెనుక విడిచిన పనిని ఎవరు చూతురన్న ముందుచూపే.

రెండు హోదాలు, ఒకే మనిషి

కార్యాలయమున వందమందిపై అధికారము గలవాడు దళములో తనకంటె చిన్నవాడైన కెప్టెనుకు సెల్యూటు చేయవలసివచ్చును. కార్యాలయమున గుమాస్తాగా నున్నవాడు దళములో హవల్దారై ఆజ్ఞాపించును. ఈ మార్పును సహింపలేని అహంకారము ఉభయభ్రష్టత్వమునకు దారి. ఒక మడికి మడవ కట్టి మరొక మడికి నీరు మళ్ళించు రైతు, మొదటి మడి గట్టును తొక్కి చూచినగాని రెండవదానికి పోడు. మనముకూడ ఒక హోదాను పూర్తిగా మూసి మరియొక హోదాను తెరవవలెను. క్యాంపులో నుండి దినమున పదిమార్లు ఆఫీసుకు ఫోను చేయువాడు అప్పగించినవానిని అవమానించుచున్నాడు. ఆఫీసులో కూర్చుండి దళపు కబుర్లతో ప్రొద్దుపుచ్చువాడు జీతమిచ్చువానిని వంచించుచున్నాడు.

యూనిఫారమును స్వలాభమునకు చూపరాదు. పోలీసు స్టేషనులోనో, తహశీల్దారు కార్యాలయములోనో తన హోదాను చెప్పి పని చక్కబెట్టుకొనుట ఆ దుస్తులకు కళంకము. దళము ఎచ్చట నున్నది, ఎచ్చటికి కదలుచున్నదన్న మాట వాట్సాపులో గాని, బంధువుల పెండ్లిపందిట గాని నోట వెలువడరాదు. కార్యాలయమున గడువు తప్పినప్పుడు సైన్యమును, క్యాంపులో వెనుకబడినప్పుడు ఉద్యోగమును సాకుగా చెప్పుట అన్నిటికంటె హీనమైన అలవాటు. ఒక ధర్మమును మరొక ధర్మమునకు డాలుగా పట్టినవాడు రెండింటిని గాయపరచును. స్థిరసైనికులలో కొందరు ప్రాదేశికులను సగము సైనికులుగా చూచుటయు కలదు. దానికి మాటతో బదులు చెప్పవలదు, కావలికి అయిదు నిమిషములు ముందు చేరిన చాలును.

నెలకొకసారి మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ నెల నా వలన కార్యాలయమున ఎవరి పని ఆగినది? దళము నన్ను ఈ రాత్రి పిలిచినచో నా దేహము సిద్ధముగా నున్నదా? ఇంటివారిలో ఎవరైనను నా సేవ వలన మౌనముగా కష్టపడుచున్నారా? ఈ మూడింటిలో ఏ యొక్కదానికైనను సంవత్సరము పొడవున చెడ్డ సమాధానమే వచ్చుచున్నచో, దళమును క్రమమైన రీతిలో విరమించుకొనుటలో అపకీర్తి లేదు. నిలుపుకొనలేని మాటను సకాలమున తిరిగి యిచ్చివేయుటయు అప్పగింతయే.

ఇక దరఖాస్తును తలపెట్టిన పాఠకునికి ఒక చిన్న పరీక్ష. ఈ వారమే ఒక పుస్తకము తీసి, నీ బల్లపైనున్న పనులన్నియు ఒక్కొక్క పంక్తిగా వ్రాసి, ప్రక్కవారికి నేర్పి, మూడు దినములు సెలవు పెట్టుము. ఆ మూడు దినములు ఆఫీసునుండి నీకు ఫోను రానిచో దరఖాస్తు నింపవచ్చును. వచ్చినచో, ఏ విషయమునకై వచ్చినదో వ్రాసికొని, ఆ లోటును పూడ్చుకొని, మరల మూడు దినములు పరీక్షించుకొనుము. ఈ పరీక్షలో నెగ్గినవానినే రేపు దళము కావలిపై నిలుపును. అతడు తిరిగివచ్చువరకు అతని బల్లయు నిశ్చింతగా నడచును.